చీకట్లో పేరు చెప్పే పెట్టె



చీకటి పడ్డాక చెరువు గట్టు మీద నడిచి వస్తున్నారు అనుకోండి. ఎదురుగా ఎవరో వస్తున్నారు. మొహం కనిపించదు. అప్పుడు ఏం చేస్తారు? "ఎవరది?" అని అడుగుతారు. "నేనేలే వదినా" అని అటునుంచి జవాబు వస్తుంది. గొంతు గుర్తుపడతారు. ఒకరు ఇటు, ఒకరు అటు జరిగి దారి ఇచ్చుకుంటారు.

సముద్రం మీద కూడా రాత్రిళ్లు రాకపోకలు ఉంటాయి. ఒకవైపు వేటకు పోయే మరపడవ. ఇంకొకవైపు దేశాలు తిరిగే సరుకు ఓడ. అక్కడ కేక వేస్తే వినపడదు. గాలి హోరు, అలల హోరు, ఇంజను మోత. మరి "ఎవరది" అని అడిగేది ఎవరు? "నేనే" అని చెప్పేది ఎవరు?

దానికి ఒక పెట్టె ఉంది. చూడడానికి చిన్న రేడియో లాగా ఉంటుంది. ఓడల వాళ్లు దాన్ని ఎ.ఐ.ఎస్. అంటారు. పూర్తి పేరు ఆటోమేటిక్ ఐడెంటిఫికేషన్ సిస్టమ్. అంత పేరు నోరు తిరగకపోతే బాధ లేదు. తనంతట తాను పేరు చెప్పే పెట్టె అనుకుంటే చాలు. దీని సంగతి మగవాళ్లకే ఎందుకు, మనకెందుకు అనుకోకండి. పడవ కొనాలంటే సంఘంలో అప్పు తెచ్చేది ఆడవాళ్లు. పట్టిన చేపను బుట్టకెత్తి అమ్మేది ఆడవాళ్లు. పడవ చెప్పిన రోజుకు రాకపోతే ఒడ్డున నిలబడి నీళ్లవైపు చూసేదీ ఆడవాళ్లే.

ముందు ఒక సందేహం తీర్చుకోవాలి. అంత పెద్ద ఓడ, అంత ఎత్తున మనుషులు, అన్ని దీపాలు. వాళ్లకు చిన్న పడవ కనిపించదా?

చాలాసార్లు కనిపించదు.

విశాఖపట్నంలో చేపల రేవు, పెద్ద ఓడల రేవు పక్కపక్కనే ఉన్నాయి. అక్కడికి వెళ్లినవాళ్లు ఆ ఓడలను చూసే ఉంటారు. ఒక్కొక్కటి రెండు వందల మీటర్ల పొడవు, అంతకన్నా ఎక్కువ కూడా. ఒక వీధి మొత్తం నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటుంది. ఓడను నడిపే గది చాలా ఓడల్లో వెనక చివర ఉంటుంది. గదిలో నిలబడిన మనిషికి ముందు అంతా సరుకే. ఓడ ముక్కు కింద ఉన్న నీళ్లు అతనికి కనిపించవు. నెత్తిన పెద్ద బుట్ట, చేతుల్లో ఇంకో బుట్ట పెట్టుకుని నడిచే మనిషికి కాలి ముందున్న రాయి కనిపించనట్టే.

ఎంత దూరం కనిపించదు? దానికి అంతర్జాతీయ నియమం ఉంది. ఓడ ముక్కు నుంచి ముందుకు, ఓడ పొడవుకు రెండింతలు గానీ, 500 మీటర్లు గానీ, ఏది తక్కువైతే అంతకు మించి నీళ్లు మరుగు కాకూడదు. అంటే 250 మీటర్ల ఓడకు ముందు 500 మీటర్ల దాకా కనిపించకపోయినా నియమం తప్పినట్టు కాదన్నమాట. ఆ ఓడ గంటకు 28 కిలోమీటర్లు నడుస్తోందనుకుందాం. లెక్క వేయండి. నిమిషానికి సుమారు 460 మీటర్లు. కనిపించని ఆ నీళ్లను ఓడ ఒక్క నిమిషం కాస్త దాటేసరికి తొక్కేస్తుంది. అందులో పడవ ఉంటే? బ్రేకు వేద్దామన్నా నీళ్ల మీద ఓడ బస్సులాగా ఆగదు. ఇంజను వెనక్కి తిప్పినా కిలోమీటర్ల కొద్దీ ముందుకే పోతుంది.

ఓడలో రాడార్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. రాడార్ చీకట్లోకి అలలు పంపి, అవి దేనికైనా తగిలి తిరిగి వస్తే తెర మీద చుక్కగా చూపిస్తుంది. ఇనుప ఓడకు బాగా తగిలి వస్తాయి. చెక్క పడవకు, ఫైబర్ పడవకు సరిగా తగలవు. వాన పడుతుంటే, కెరటాలు లేస్తుంటే అవి కూడా చుక్కలుగానే కనిపిస్తాయి. వందల చుక్కల్లో పడవ ఏదో, అల ఏదో చెప్పడం కష్టం.

ఇవి ఉత్త మాటలు కావు. 2012 మార్చి 1న కేరళలో అలప్పుళ జిల్లా తీరం దగ్గర ఒక సరుకు ఓడ రాత్రివేళ చేపల పడవను గుద్దింది. 5 గురు జాలర్లు చనిపోయారు. ఓడ ఆగలేదు. గుద్దింది ఏ ఓడో మొదట తెలియలేదు. వెతికి వెతికి ఆ ఓడను చెన్నైలో పట్టుకున్నారు. 2017 జూన్ 11న కొచ్చి దగ్గర ఇంకొక పడవ. 14 మంది ఉన్నారు. లంగరు వేసుకుని నిద్రపోతున్నారు. తెల్లవారకముందే ఒక విదేశీ ఓడ వచ్చి గుద్దింది. 11 మంది బతికారు. మిగతా ముగ్గురు ఇళ్లకు రాలేదు.

ఇప్పుడు పెట్టె దగ్గరికి వద్దాం.

ఆ పెట్టెలో రెండు పనిముట్లు కలిసి ఉంటాయి. ఒకటి, తాను ఎక్కడ ఉన్నదీ తెలుసుకునేది. ఫోనులో దారి చూపించేది ఉంటుంది కదా, జి.పి.ఎస్., అదే. అది పైనున్న ఉపగ్రహాల నుంచి లెక్క తెలుసుకుంటుంది. రెండోది వైర్‌లెస్. తెలుసుకున్న సంగతిని గాలిలోకి పంపుతుంది. చుట్టుపక్కల ఉన్న ఓడల పెట్టెలు ఆ మాట అందుకుంటాయి. ఇది వాటి మాట అందుకుంటుంది. ఎవరూ మీట నొక్కనక్కర లేదు. ఎవరూ మాట్లాడనక్కర లేదు. మనిషి నిద్రపోయినా పెట్టె తన పని తాను చేసుకుపోతుంది.

ఏం చెబుతుంది? ఓడ పేరు చెబుతుంది. అది ఏ రకం ఓడో, ఎంత పొడవో చెబుతుంది. ఇప్పుడు ఎక్కడుంది, ఎటు పోతోంది, ఎంత వేగం, ఈ సంగతులు చెబుతుంది. వీటితోపాటు ఒక నంబరు. అందులో తొమ్మిది అంకెలు ఉంటాయి. ఒక్కో దేశానికి మొదటి మూడు అంకెలు వేరు. మన దేశానివి 419తో మొదలవుతాయి. రేషన్ కార్డుకు నంబరు ఉన్నట్టు ఓడకు ఇది నంబరు. రెండు ఓడలకు ఒకే పేరు ఉండొచ్చు. ఒకే నంబరు ఉండకూడదు.

పెద్ద ఓడలో పెట్టె నడకలో ఉన్నప్పుడు రెండు నుంచి పది సెకన్లకు ఒకసారి తన జాడ చెబుతుంది. వేగం పెరిగితే గబగబా చెబుతుంది. లంగరు వేసి ఉంటే మూడు నిమిషాలకు ఒకసారి. చిన్న పడవలకు వేరే చిన్న రకం ఉంది. అది బ్యాటరీ మీద నడుస్తుంది. నడకలో ఉంటే అర నిమిషానికి ఒకసారి పలుకుతుంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. రేవు దగ్గర వంద ఓడలు ఉన్నాయి. అన్నీ ఒకేసారి మాట్లాడితే? పెళ్లింట్లో అందరూ ఒక్కసారే మాట్లాడినట్టు ఎవరి మాటా వినపడదు కదా. దీనికి చేసిన ఏర్పాటు ముచ్చటగా ఉంటుంది. వీధి కొళాయి దగ్గర బిందెలు వరసలో పెడతారు చూడండి. అదే పద్ధతి. ఒక నిమిషాన్ని 2,250 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క ఒక్కో వంతు. ప్రతి పెట్టె ముందు కాసేపు ఊరుకుని వింటుంది. ఖాళీగా ఉన్న వంతు చూసుకుంటుంది. తన వంతులో తన మాట చెప్పి, "తర్వాత ఫలానా వంతు నాది" అని కూడా చెప్పేస్తుంది. మిగతావి ఆ వంతు జోలికి పోవు. ఇలాంటి వరసలు రెండు నడుస్తాయి. అంటే నిమిషానికి మొత్తం 4,500 వంతులు. కన్ను ఒకసారి మూసి తెరిచేలోపు ఎన్నో వంతులు గడిచిపోతాయి. ఇంతా చేసి కొళాయి దగ్గర పెద్దరికం చేసే మనిషిలాగా ఇక్కడ ఎవరూ లేరు. తగువు లేకుండా వాటికి అవే సర్దుకుంటాయి.

ఈ మాటలన్నీ ఓడలో తెర మీద బొమ్మలుగా కనిపిస్తాయి. ఒక్కో ఓడ ఒక్కో చిన్న ముక్కోణం. ముక్కోణం కొన ఎటు ఉంటే ఓడ అటు పోతోందని. దాని మీద వేలు పెడితే పేరు, నంబరు, వేగం వస్తాయి. ఇంకా మేలైన పని ఒకటి ఉంది. "రెండూ ఇలాగే నడిస్తే ఇన్ని నిమిషాల తర్వాత ఇంత దగ్గరగా వస్తాయి" అని లెక్క కట్టి చూపిస్తుంది. మరీ దగ్గరైతే గంట మోగిస్తుంది. పేరు తెలిసింది కాబట్టి వైర్‌లెస్ సెట్టులో పేరు పెట్టి పిలవొచ్చు. "ఎదురుగా వస్తున్న ఓడా, ఎదురుగా వస్తున్న ఓడా" అని పిలిస్తే ఎవరు పలుకుతారు? పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు.

ఈ మాట ఎంత దూరం పోతుంది? వైర్‌లెస్ మాట తిన్నగా పోతుంది, భూమి వంపు వెంట వంగదు. అందుకే యాంటెనా ఎంత ఎత్తున ఉంటే అంత దూరం. పెద్ద ఓడల మధ్య 35, 40 కిలోమీటర్లు పోతుంది. చిన్న పడవ మాట అంత దూరం పోదు. అయినా కొండ మలుపు అవతల ఉన్న ఓడ కంటికి కనపడకముందే దీనికి తెలిసే అవకాశం ఉంది. రాడార్‌కు ఆ వీలు లేదు. ఒడ్డున దీపస్తంభాల మీద కూడా ఈ మాటలు అందుకునే సాధనాలు పెట్టారు. నడి సముద్రంలో అయితే కొన్ని ఉపగ్రహాలు పైనుంచి వింటాయి. 2011లో మన దేశం పంపిన రిసోర్స్‌శాట్-2 ఉపగ్రహంలో కూడా అలాంటి సాధనం ఉంది.

పెద్ద ఓడలకు ఈ పెట్టె ఇష్టమైతే పెట్టుకునేది కాదు, చట్టం. ఓడల నియమాలు చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ ఒకటి లండన్‌లో ఉంది. 2000లో ఆ సంస్థ నియమం చేసింది. దేశాల మధ్య తిరిగే 300 టన్నుల పైబడిన ఓడలన్నీ, మనుషులను చేరవేసే ఓడలన్నీ 2004 ఆఖరుకల్లా పెట్టె పెట్టుకోవాలంది.

చేపల పడవల సంగతి వేరు. 2008 నవంబరులో ముంబయి మీద దాడి చేసినవాళ్లు సముద్రం మీదుగా వచ్చారు. దారిలో గుజరాత్ చేపల పడవ 'కుబేర్'ను పట్టుకుని, అందులో వాళ్లను చంపి, ఆ పడవలోనే వచ్చారు. ఏ పడవ ఎవరిదో తెలియకపోతే ఎంత చేటో అప్పుడు అందరికీ తెలిసింది. ఆ తర్వాత మన దేశంలో 20 మీటర్లకు మించిన చేపల పడవలకు కూడా ఎ.ఐ.ఎస్. తప్పనిసరి చేశారు.

అయితే మన తీరంలో 20 మీటర్లు దాటిన చేపల పడవలు ఎన్ని? చాలా పడవలు అంతకన్నా చిన్నవే. ఎవరిని ఓడ ముందుగా తొక్కేస్తుందో వాళ్ల దగ్గరే ఈ పెట్టె లేదు. ఇది న్యాయంగా లేదు.

చిన్న పడవలకు ఇప్పుడు ఇంకొక పెట్టె వస్తోంది. ఇస్రో వాళ్లు తయారు చేశారు. ట్రాన్స్‌పాండర్ అంటారు. 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలో పాల్ఘర్ దగ్గర ప్రధానమంత్రి ఈ పథకం మొదలుపెట్టారు. లక్ష పడవలకు, 364 కోట్ల రూపాయల ఖర్చుతో, పడవ యజమాని దగ్గర పైసా తీసుకోకుండా పెట్టాలని పథకం. ఫోను సిగ్నలు లేని నడి సముద్రం నుంచి కూడా దీనితో ఉపగ్రహం ద్వారా ఒడ్డుకు కబురు పంపొచ్చు. ఒడ్డు నుంచి తుపాను కబురు, చేపలు ఎక్కువగా ఉండే చోటు కబురు పడవకు వస్తాయి. ఆపద వస్తే నొక్కే మీట ఉంది. దేశం సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది.

ఆ ఆఖరి మాట విలువ శ్రీకాకుళం జిల్లా ఆడవాళ్లకు తెలుసు. అక్కడి జాలర్లు పనికోసం గుజరాత్ పడవల మీదికి వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్ వాళ్లు పట్టుకున్నారు. 20 మంది 2020 జనవరి 6న వాఘా సరిహద్దు దాటి తిరిగి వచ్చారు. పదమూడు నెలలకు పైగా ఇంట్లో మగదిక్కు లేదు. నీళ్ల మీద గీత ఉండదు. గీత దగ్గరికి వచ్చావని చెప్పేది ఒకటి ఉండాలి.

ఇక్కడ బాగా గుర్తు పెట్టుకోవలసింది ఉంది. చాలామంది ఈ రెండు పెట్టెలూ ఒకటే అనుకుంటున్నారు. కావు. ఇస్రో పెట్టె ఉపగ్రహంతో మాట్లాడుతుంది. ఉపగ్రహం ఒడ్డున ఉన్న కేంద్రంతో మాట్లాడుతుంది. ఎదురుగా వచ్చే సరుకు ఓడ తెర మీద ముక్కోణం రాదు. అది రావాలంటే ఎ.ఐ.ఎస్. కావాలి. "మా పడవకు పెట్టె పెట్టారు, ఇక ఓడలు చూసుకుంటాయి" అని ధీమాగా ఉంటే మోసపోతారు. మీ పడవకు ఉన్నది ఏ పెట్టె? ఇది అడిగి తెలుసుకోండి.

ఉన్న పెట్టెను ఆపేసేవాళ్లూ ఉన్నారు. బ్యాటరీ అయిపోతుందని కొందరు. చేపల గుంపు దొరికిన చోటు పక్క పడవలకు తెలిసిపోతుందని కొందరు. ఈ రెండో మాటను కొట్టిపారేయలేం. వేట అంటేనే చోటు తెలియడం. తాతల నాటి నుంచి దాచుకున్న చోటును పదిమందికి ఎవరు చూపిస్తారు? అయినా పగలు ఏం చేసినా, రాత్రి ఓడలు నడిచే దారిలో ఉన్నప్పుడు ఆపడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పెద్ద ఓడల్లో కూడా దొంగ సరుకు మోసేవి పెట్టెను ఆపుతాయి, తప్పుడు పేరు చెబుతాయి. ఎందుకంటే పేరు, నంబరు పెట్టెలో మొదట ఎక్కించేది మనిషే. తప్పు ఎక్కిస్తే పెట్టె తప్పే చెబుతుంది. కొన్ని దేశాల్లో వలలకు కట్టే బుడ్డులకు కూడా చవకరకం పెట్టెలు తగిలిస్తున్నారు. ఓడ తెర మీద వల కూడా ఓడలాగా కనిపిస్తుంది. ఇక ఏది నిజమని చూడాలి?

అందుకే సముద్రపు నియమాల్లో కంటితో చూడడం, చెవితో వినడం ఎప్పటికీ మానకూడదని ఉంది. పెట్టె ఉన్నా ఇది తప్పదు. వేట చేసే పడవకు దీపాల నియమం కూడా ఉంది. వల ఈడ్చే పడవకు పైన ఆకుపచ్చ దీపం, కింద తెల్ల దీపం. మిగతా రకం వేటకు పైన ఎర్ర దీపం, కింద తెల్ల దీపం. ఈ దీపాలు చూసిన సరుకు ఓడ తానే తప్పుకోవాలి. అది వేట పడవ హక్కు. కాకపోతే దీపం వెలగాలి, ఓడలో మనిషి చూడాలి. లంగరు వేసి అందరూ ఒకేసారి పడుకుంటే రెండూ ఉండీ లాభం లేదు. ఒకరు మేలుకోవాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మరపడవలు ఒడ్డునే ఉంటాయి. ఇంజను విప్పుతారు, వలలు అల్లుతారు, రంగు వేస్తారు. పెట్టెను చూసుకోవడానికి అదే అదను. యాంటెనా తీగ ఉప్పుగాలికి తుప్పు పట్టిందా? బ్యాటరీ రాత్రంతా నిలుస్తుందా? పెట్టెలో ఉన్న పేరు, పడవ మీద రాసిన పేరు ఒకటేనా? పడవ చేతులు మారితే పాత యజమాని పేరే ఉండిపోతుంది. చదవడం వచ్చిన ఆడమనిషి పడవ ఎక్కి చూస్తే తప్పేముంది? కొందరు ముసలివాళ్లు ఆడవాళ్లు పడవ ఎక్కకూడదంటారు. అలాంటి చోట పెట్టె కాగితాలు ఇంటికి తెప్పించుకుని చదవండి.

ఆ కాగితాల్లో తొమ్మిది అంకెల నంబరు ఉంటుంది. దాన్ని మీ నోటుపుస్తకం చివరి పేజీలో రాసుకోండి. పక్కన పడవ రిజిస్ట్రేషన్ నంబరు రాయండి. దాని కింద 1554 అని రాయండి. అది తీర రక్షక దళం, అంటే కోస్ట్‌గార్డ్ వాళ్ల ఫోను నంబరు. డబ్బు పడదు. పడవ చెప్పిన వేళకు రాకపోతే ఊళ్లో పెద్దల కోసం తెల్లారేదాకా ఆగకండి. ఫోను చేయండి. పడవ పేరు, ఆ నంబర్లు, ఎంతమంది వెళ్లారు, ఏ రేవు నుంచి, ఏ రోజు, ఏ వేళకు బయలుదేరారు, ఏ వైపు పోతామన్నారు, పడవ రంగు ఏమిటి. ఇవి చెప్పండి. వేటకు బయలుదేరిన ప్రతిసారీ తేదీ, వేళ ఆ పేజీలోనే కింద ఒక వరుసలో రాసిపెట్టండి.